తిరుపతి చుట్టుపక్కల డిగ్రీ పిల్లలకు ఉద్యోగం: ఎక్కడ చూడాలి, ఎట్లా చూడాలి

బీఏ, బీకాం, బీఎస్సీ పూర్తిచేసిన పిల్లల కోసం, ఈ ఏడాది పూర్తిచేయబోయే వాళ్ల కోసం ఇది రాస్తున్నాను. బీటెక్ వాళ్లకు ఎంతో కొంత దారి చూపించడానికి కాలేజీలోనే ప్లేస్‌మెంట్ ఆఫీసర్ ఉంటారు. మామూలు డిగ్రీ పిల్లలకు చాలాచోట్ల అదీ ఉండదు. నేను రేణిగుంట వైపు విడిభాగాలు తయారుచేసే ఒక కంపెనీలో హెచ్‌ఆర్‌లో పనిచేస్తున్నాను. మాది పాకాల దగ్గర పల్లె. తిరుపతి ఎస్వీ యూనివర్సిటీ కింద బీకాం చదివాను. పరీక్షలు అయిపోయిన జూన్ నెల నుంచి మా ఆఫీసుకు రెజ్యూమేలు కట్టలు కట్టలుగా వస్తాయి. వాటిని చదివేది నేనే, ఆ పిల్లలతో మొదట మాట్లాడేది కూడా నేనే. వాళ్లలో పనికిరాని వాళ్లు నాకు కనపడరు. ఎవరు దేనికి జీతం ఇస్తారో తెలియని వాళ్లే ఎక్కువగా కనపడతారు. అది నేర్చుకోగల విషయమే.

ముందు ఒక లెక్క చెబుతాను. అంతర్జాతీయ కార్మిక సంస్థ, ఢిల్లీలోని మానవాభివృద్ధి సంస్థ కలిసి 2024లో భారత ఉపాధి నివేదిక ఇచ్చాయి. అందులో 2022 లెక్కల ప్రకారం డిగ్రీ చదివిన యువతలో నిరుద్యోగం 29.1 శాతం. చదవడం, రాయడం రాని యువతలో 3.4 శాతమే. చదువుకుంటే పని దొరకదని దీని అర్థం కాదు. చదువు లేనివాళ్లకు ఖాళీగా కూర్చునే స్తోమత ఉండదు, కూలో నాలో ఏదో ఒక పనికి పోతారు. డిగ్రీ పిల్లలు చదువుకు తగ్గ ఉద్యోగం కోసం కాచుకుంటారు. ఇంట్లో వాళ్లూ ‘కాస్త ఆగు, మంచిది వస్తుంది’ అంటారు. ఆగడంలో తప్పు లేదు. కానీ ఆ ఆగిన కాలంలో ఏం చేశారన్నదే తర్వాత ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్న అవుతుంది. ‘2023లో డిగ్రీ అయింది, ఇప్పటిదాకా ఏం చేశావమ్మా?’ అని అడిగితే తల దించుకునే పిల్లల్ని చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

మన చుట్టూ ఏముందో ముందు రాసుకోండి

ఒక నోటుబుక్ తీసుకోండి. మీ ఊరి నుంచి బస్సులోనో రైల్లోనో పోయిరాగల దూరంలో ఏయే కంపెనీలు, ఆసుపత్రులు, హోటళ్లు, ఆఫీసులు ఉన్నాయో పేర్లు రాయండి. చాలామంది ‘మన దగ్గర ఏముంది మేడమ్, బెంగళూరు పోవాల్సిందే’ అంటారు. రాయడం మొదలుపెడితే ఆ మాట మీరే వెనక్కి తీసుకుంటారు.

కరకంబాడిలో, చిత్తూరు దగ్గర నూనెగుండ్లపల్లెలో అమర రాజా బ్యాటరీ ఫ్యాక్టరీలు ఉన్నాయి. రేణిగుంట దగ్గర వికృతమాలలో ఎలక్ట్రానిక్స్ క్లస్టర్ ఉంది, అక్కడ టీవీలు, ఫోన్ల డిస్‌ప్లేల లాంటివి తయారవుతాయి. రాచగున్నేరిలో ఇనుప పైపుల ఫ్యాక్టరీ ఉంది. తమిళనాడు సరిహద్దులో శ్రీసిటీ ఉంది. సెల్‌ఫోన్లు, వాహనాలు, మెట్రో రైలు పెట్టెలు, ఏసీలు, చాక్లెట్లు, ఇన్ని రకాలు ఒకే చోట తయారయ్యే ప్రాంతాలు రాష్ట్రంలో ఎక్కువ లేవు. ఆ పక్కనే చినపాండూరులో టైర్ల ఫ్యాక్టరీ, మాదన్నపాళెంలో మోటారు సైకిళ్ల ఫ్యాక్టరీ ఉన్నాయి. చిత్తూరు చుట్టూ మామిడి గుజ్జు ఫ్యాక్టరీలు, పాల డెయిరీలు ఉన్నాయి. తిరుపతిలో స్విమ్స్, రుయా, బర్డ్, వాటి చుట్టూ లెక్కలేనన్ని ప్రైవేటు ఆసుపత్రులు, ల్యాబ్‌లు ఉన్నాయి. యాత్రికుల మీద ఆధారపడిన హోటళ్లు, ట్రావెల్స్ ఎన్నో మీకు నేను చెప్పక్కర్లేదు.

ఫ్యాక్టరీ అనగానే మెషీన్ దగ్గర నిలబడటమే అనుకోవద్దు. ప్రతి ఫ్యాక్టరీలోనూ స్టోర్స్, క్వాలిటీ, కొనుగోళ్లు, డిస్పాచ్, అకౌంట్స్, హెచ్‌ఆర్, క్యాంటీన్, రవాణా ఉంటాయి. వాటిలో డిగ్రీ పిల్లలు చేయగల పనులు చాలా ఉన్నాయి. కానీ ఆ పనుల పేర్లు తెలియక దరఖాస్తులో ‘ఎనీ జాబ్’ అని రాస్తారు. అట్లా రాసిన రెజ్యూమే ఏ విభాగానికి పంపాలో నాకు అర్థం కాదు. అర్థం కానిది పక్కన పడిపోతుంది.

ఒకే రకం ప్రకటనలు ఇరవై చదవండి

ఈ ఒక్క పనీ శ్రద్ధగా చేస్తే మిగతాదంతా తేలికవుతుంది. ఒక పని పేరు ఎంచుకోండి. క్వాలిటీ ట్రైనీ అనుకుందాం, లేదా అకౌంట్స్ అసిస్టెంట్, స్టోర్స్ ఎగ్జిక్యూటివ్, ఫ్రంట్ ఆఫీస్. నౌకరీ, లింక్‌డ్‌ఇన్, కేంద్రం నడిపే నేషనల్ కెరీర్ సర్వీస్ పోర్టల్, మన స్కిల్ డెవలప్‌మెంట్ కార్పొరేషన్ ప్రకటనలు, పేపర్లో వచ్చేవి, ఇవన్నీ వెతికి ఆ ఒక్క పనికి సంబంధించినవి ఇరవై పోగు చేయండి. చెన్నై, శ్రీపెరంబుదూరు, బెంగళూరువి కూడా కలపండి. తర్వాత ప్రతిదాంట్లో ఏయే నైపుణ్యాలు అడిగారో రాసి, ఏ మాట ఎన్నిసార్లు వచ్చిందో గీతలు గీసి లెక్కపెట్టండి.

అకౌంట్స్ అసిస్టెంట్‌కు టాలీ, ఎక్సెల్, జీఎస్టీ రిటర్న్, బ్యాంక్ రీకన్సిలియేషన్ మళ్లీ మళ్లీ కనపడతాయి. స్టోర్స్‌కు ఎక్సెల్, ఈఆర్‌పీ లేదా శాప్ (కంపెనీ లెక్కలన్నీ ఒకే చోట నడిపే సాఫ్ట్‌వేర్), స్టాక్ లెక్క, ఈ-వే బిల్లు (సరుకు రవాణాకు తీసే జీఎస్టీ పత్రం) కనపడతాయి. క్వాలిటీకి కొలత పరికరాలు, సెవెన్ క్యూసీ టూల్స్ (నాణ్యత లోపాలు పట్టుకునే ఏడు పద్ధతులు), 5ఎస్ (పనిచోటును సర్ది శుభ్రంగా ఉంచే పద్ధతి) కనపడతాయి. ఎక్కువ గీతలు పడిన మొదటి నాలుగు మాటలే మీ సిలబస్. అందులో మీకు ఇప్పటికే వచ్చినవి ఎన్ని, రానివి ఎన్ని? రాని వాటిలో మొదట ఒక్కటి పట్టుకోండి. పదివేలు కట్టి ఆరు కోర్సులు ఉన్న ప్యాకేజీ కొనడం కంటే ఇది ఎంతో నయం. ఫీజు కట్టే ముందు ఈ లెక్క వేసుకుంటే, మీ పనికి అక్కర్లేని కోర్సుకు డబ్బు పోదు.

ఇందులో నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది ఎక్సెల్. మా దగ్గర ఏ విభాగం అయినా దాంతోనే నడుస్తుంది. ‘ఎంఎస్ ఆఫీస్ వచ్చు’ అని రాసిన వాళ్లలో చాలామందికి రెండు షీట్లలోని లెక్కలు కలిపి చూడటం రాదు. వీ-లుకప్, పివట్ టేబుల్, ఫిల్టర్, సమ్ఇఫ్, ఈ నాలుగూ బాగా వస్తే మొదటి ఏడాదికి చాలు. సాధనకు మీ ఊరి రేషన్ షాపు సరుకుల లెక్కో, నాన్న పాల పుస్తకమో టైప్ చేసుకుని నెలవారీ మొత్తాలు తీయండి. ఆ ఫైలునే ఇంటర్వ్యూకు పట్టుకురండి.

మీరు చదివింది ఇక్కడ ఎక్కడ పనికొస్తుంది

బీఎస్సీ ఫిజిక్స్ పిల్లలు ‘మా సబ్జెక్టుకు టీచర్ ఉద్యోగం తప్ప ఏముంది’ అంటారు. ల్యాబ్‌లో మీరు పట్టుకున్న వెర్నియర్ కాలిపర్స్, స్క్రూగేజ్‌లతోనే మా క్వాలిటీ విభాగం వాళ్లు రోజంతా పనిచేస్తారు. కాలేజీలో దాన్ని స్క్రూగేజ్ అంటారు, ఫ్యాక్టరీలో మైక్రోమీటర్ అంటారు. ల్యాబ్ వెర్నియర్ లీస్ట్ కౌంట్ (దాంతో కొలవగల అతి చిన్న కొలత) 0.01 సెంటీమీటర్, అంటే 0.1 మిల్లీమీటర్. మా దగ్గర మామూలుగా వాడేది 0.02 మిల్లీమీటర్ది. ఇంటర్వ్యూలో మా క్వాలిటీ మేనేజర్ ఒక విడిభాగం చేతికిచ్చి కొలవమంటారు. వణక్కుండా కొలిచి, మూడుసార్లు చూసి సగటు చెప్పిన పిల్లను తీసుకున్నాం. ఆ అమ్మాయికి ఇంగ్లిష్ అంతంతమాత్రమే. కానీ సున్నా దోషం ఉందేమో, అంటే ఖాళీగా మూసినప్పుడు పరికరం సరిగ్గా సున్నా చూపిస్తోందో లేదో ముందే చూసుకోవాలన్న సంగతి ఆమెకు తెలుసు.

కెమిస్ట్రీ, మైక్రోబయాలజీ వాళ్లకు గుజ్జు ఫ్యాక్టరీలు, డెయిరీలు, నీళ్ల ప్లాంట్లు ఉన్నాయి. తోతాపురి మామిడి గుజ్జు బయటికి పోయేముందు బ్రిక్స్ చూడాలి, పీహెచ్ చూడాలి, ఆమ్లత్వం చూడాలి. ఆమ్లత్వానికి చేసేది మీరు ల్యాబ్‌లో చేసిన టైట్రేషనే. బ్రిక్స్‌కు రిఫ్రాక్టోమీటర్ వాడతారు. అది పండు రసంలో కరిగిన పదార్థం, ముఖ్యంగా చక్కెర ఎంతుందో చూపిస్తుంది. ఈ మూడు మాటలూ రెజ్యూమేలో ఉంటే ల్యాబ్ ఇన్‌ఛార్జ్ ఆగి చదువుతారు.

బీకాం వాళ్లకు నా సలహా కొంత గట్టిగానే ఉంటుంది: మొదటి ఏడాది చార్టర్డ్ అకౌంటెంట్ ఆఫీసులోనో ట్యాక్స్ ప్రాక్టీషనర్ దగ్గరో పనిచేయండి. జీతం తక్కువే, ఇంట్లో అడిగితే చెప్పుకోవడానికి కష్టంగానే ఉంటుంది. కానీ జీఎస్‌టీఆర్-1 (అమ్మకాల వివరాల జీఎస్టీ రిటర్న్) నెల 11వ తేదీలోపు, 3బీ (పన్ను కట్టే జీఎస్టీ రిటర్న్) 20వ తేదీలోపు వేసి, టీడీఎస్ (చెల్లింపుల్లోంచి ముందే కోసిన ఆదాయపు పన్ను) 7వ తేదీలోపు కట్టే ఒత్తిడిలో ఒక ఏడాది గడిపిన పిల్లలకు ఏ కంపెనీ అకౌంట్స్ విభాగమైనా తలుపు తీస్తుంది. పుస్తకంలో చదివిన జర్నల్ ఎంట్రీకి, ఎదురుగా ఉన్న హోటల్ యజమాని బిల్లుల కట్టకు ఉన్న దూరం అక్కడే తగ్గుతుంది.

బీఏ వాళ్లను ఎక్కువమంది తక్కువ చేసి మాట్లాడతారు, నాకు నచ్చదు. హోటల్ ఫ్రంట్ ఆఫీస్, ఆసుపత్రి రిసెప్షన్, ఇన్సూరెన్స్ డెస్క్, మైక్రోఫైనాన్స్ ఫీల్డ్ పని, కంపెనీల్లో హెచ్‌ఆర్, రవాణా సమన్వయం, ఇవన్నీ మనుషులతో మాట్లాడే పనులు. ఇక్కడ ఒక సంగతి గట్టిగా చెప్పాలి. నగరి, పుత్తూరు, సత్యవేడు, చిత్తూరు పిల్లలకు తమిళం ధారాళంగా వస్తుంది. కుప్పం, పలమనేరు వైపు కన్నడం కూడా వస్తుంది. తిరుపతికి వచ్చే యాత్రికుల్లో ఎంతమంది తమిళులు, కన్నడిగులు! మా కంపెనీకి సరుకు పంపేవాళ్లలో చాలామంది చెన్నై వాళ్లు. అయినా తమిళం వచ్చని రెజ్యూమేలో రాసేవాళ్లు తక్కువ. అందరికీ వచ్చేదే కదా అనుకుంటారు. అనంతపురం పిల్లకో గుంటూరు పిల్లాడికో అది రాదు. రాయండి. మాట్లాడటం వచ్చా, చదవడం కూడా వచ్చా అని స్పష్టంగా రాయండి.

ఏ నెలలో ఎవరు తీసుకుంటారు

నోటిఫికేషన్లకు తేదీలు ఉన్నట్టే ప్రైవేటు పనులకూ కాలాలు ఉన్నాయి. గుజ్జు ఫ్యాక్టరీలు మే నుంచి జులై దాకా నిండుగా నడుస్తాయి, కాబట్టి ల్యాబ్ పిల్లల్ని ఏప్రిల్‌లోనే చూసుకుంటాయి. ఏసీలు చేసేవాళ్లకు వేసవికి ముందు నెలల్లో పని ఎక్కువ. ట్యాక్స్ ఆఫీసులకు మామూలుగా జులై నెలాఖరు వరకు రిటర్నుల హడావిడి, ఆ తర్వాత ఆడిట్ హడావిడి. అందుకే జూన్‌లో అడిగితే ‘రేపే రా’ అంటారు. ప్రైవేటు స్కూళ్లు ఏప్రిల్, మే నెలల్లో టీచర్లను వెతుక్కుంటాయి. హోటళ్లు వేసవి సెలవులకు, బ్రహ్మోత్సవాలకు ముందు మనుషుల్ని పెంచుకుంటాయి. మామిడి అయిపోయాక ఆగస్టులో గుజ్జు ఫ్యాక్టరీ గేటు దగ్గరికి పోయి ‘ఖాళీలు లేవన్నారు’ అని నిరాశపడితే ఎట్లా?

సీజన్ పనిని చిన్నచూపు చూడొద్దు. మూడు నెలలు ల్యాబ్‌లో పనిచేసినట్టు లెటర్‌హెడ్ మీద ఒక సర్టిఫికెట్ అడిగి తీసుకోండి. అనుభవం సున్నా ఉన్నవాళ్లకూ మూడు నెలలు ఉన్నవాళ్లకూ నా టేబుల్ మీద చాలా తేడా ఉంటుంది.

రెజ్యూమే

ఒక్క పేజీ చాలు. తండ్రి పేరు, మతం, వైవాహిక స్థితి, ‘టీవీ చూడటం నా హాబీ’, కింద ప్రమాణ వాక్యం, ఇవన్నీ తీసేయండి. ఇంటర్నెట్ సెంటర్‌లో ఒకే నమూనాలో పేరు మార్చి ప్రింట్ ఇస్తారు కాబట్టి నా దగ్గరికి వచ్చే సగం రెజ్యూమేలలో లక్ష్య వాక్యం అక్షరం పొల్లు పోకుండా ఒకటే ఉంటుంది. దాని బదులు మీరు చేసిన పని రెండు వాక్యాల్లో చెప్పండి.

‘ఏం పని చేశాం మేడమ్, చదువుకున్నాం అంతే’ అంటారు. మన రాష్ట్రంలో 2020-21 నుంచి డిగ్రీలో కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు, ఇంటర్న్‌షిప్ తప్పనిసరి కదా. అవి చేశారు కదా. చాలామంది ఆ రిపోర్టు ఎవరి దగ్గరో తెచ్చుకుని పేర్లు మార్చి ఇచ్చేస్తారు. ఇప్పుడు చదువుతున్న పిల్లలకు నా విన్నపం ఇదే: ఆ ప్రాజెక్టును నిజంగా చేయండి. మీ ఊళ్లో అరవై ఇళ్లు తిరిగి తాగునీటి మీద సర్వే చేశారనుకోండి. ‘కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు పూర్తిచేశాను’ అని రాస్తే నాకు ఏమీ తెలియదు. ‘మా గ్రామంలో 60 ఇళ్లలో తాగునీటి సర్వే చేసి, వివరాలు ఎక్సెల్‌లో నమోదు చేసి, ఎన్ని ఇళ్లు క్యాన్ నీళ్లు కొంటున్నాయో పట్టిక తయారుచేసి పంచాయతీకి ఇచ్చాను’ అని రాస్తే, మీరు తిరగగలరు, మాట్లాడగలరు, లెక్క పెట్టగలరు, పని ముగించగలరు అని ఒక్క వాక్యంలో తెలిసిపోతుంది. ఇంట్లో కొట్టు చూసుకున్నా, అన్న ట్రావెల్స్‌లో బుకింగులు చూసినా, పదో తరగతి పిల్లలకు ట్యూషన్ చెప్పినా అవీ పనులే. సంఖ్యతో సహా రాయండి. చేయనిది మాత్రం ఒక్క ముక్క కూడా రాయొద్దు. రెండో ప్రశ్నకే దొరికిపోతారు.

ఫోన్ నంబరు పనిచేసేది ఇవ్వండి. ఇంటర్వ్యూకు పిలిచే రోజుల్లో తెలియని నంబరు నుంచి వచ్చినా ఎత్తండి. మెయిల్ ఐడీ మీ పేరుతోనే ఉండాలి. ఫైలు పేరులో మీ పేరు, పని పేరు ఉండాలి.

ఇంటర్వ్యూలో ఇంగ్లిష్ భయం

తెలుగు మీడియం పిల్లలకు ఉన్నంత టెన్షన్ ఇంకెవరికీ ఉండదు. ‘టెల్ మీ అబౌట్ యువర్‌సెల్ఫ్’ అనగానే బట్టీ పట్టిన పాఠం మొదలవుతుంది, మధ్యలో ఒక మాట మరిచిపోతే మొత్తం ఆగిపోతుంది. నేను చెప్పే పద్ధతి ఇది. మీరు చేసిన ఒక పని గురించి, ప్రాజెక్టో ట్యూషనో, ముందు తెలుగులో ఎనిమిది చిన్న వాక్యాలు రాయండి. ఏం చేశారు, ఎందుకు చేశారు, ఏం ఇబ్బంది వచ్చింది, ఏం చేసి దాటారు, చివరికి ఏమైంది. వాటిని మీకు వచ్చిన ఇంగ్లిష్‌లో రాయండి, పెద్ద మాటలు వద్దు. ఫోన్‌లో రికార్డు చేసుకుని వినండి. ఆ ఎనిమిది వాక్యాలు మీ సొంత అనుభవం కాబట్టి మరిచిపోయినా మళ్లీ అందుకోగలరు. ఆ ఒక్కటీ గట్టిగా వచ్చాక రెండో పని గురించి రాయండి.

మా వైపు ఫ్యాక్టరీల్లో ఇంటర్వ్యూ చేసేవాళ్లు కూడా మన జిల్లాల వాళ్లే ఎక్కువ. ‘సార్, ఈ ప్రశ్నకు తెలుగులో చెప్పొచ్చా?’ అని అడగండి. చాలామంది సరే అంటారు. అర్థం కాని ప్రశ్నకు తలూపడం కంటే మళ్లీ అడగడం వంద రెట్లు మేలు. తెలియకపోతే తెలియదని చెప్పండి, ఎట్లా తెలుసుకుంటారో కూడా చెప్పండి.

అప్రెంటిస్‌షిప్ అనే తలుపు

దీని గురించి డిగ్రీ పిల్లలకు దాదాపు తెలియదు, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను. 1961 నాటి అప్రెంటిస్ చట్టం కింద నేషనల్ అప్రెంటిస్‌షిప్ ట్రైనింగ్ స్కీమ్ ఉంది. నాట్స్ అంటారు. ఒకప్పుడు ఇంజనీరింగ్, డిప్లొమా వాళ్లకే అనుకునేవాళ్లు, ఇప్పుడు బీఏ, బీకాం, బీఎస్సీ వాళ్లకూ ఉంది. నాట్స్ పోర్టల్‌లో ఆధార్, బ్యాంకు ఖాతా వివరాలతో నమోదు చేసుకోవాలి. దక్షిణాది రాష్ట్రాల వ్యవహారం చెన్నై తరమణిలోని అప్రెంటిస్‌షిప్ ట్రైనింగ్ బోర్డు చూస్తుంది. మామూలుగా ఒక ఏడాది. 2019 సవరణ నిబంధనల్లో డిగ్రీ వాళ్లకు కనీస స్టైపెండ్ నెలకు 9,000 రూపాయలు అని పెట్టారు. ఇప్పటి మొత్తం ఎంతో పోర్టల్‌లో చూసుకోండి. అందులో కొంత భాగం ప్రభుత్వం భరిస్తుంది కాబట్టి కంపెనీలకూ ఇది నచ్చుతుంది.

దీంట్లో లోటు కూడా తెలుసుకోండి. అప్రెంటిస్‌కు పీఎఫ్ (భవిష్య నిధి), ఈఎస్ఐ (కార్మికుల వైద్య బీమా) ఉండవు. ఏడాది అయ్యాక ఉద్యోగం ఇచ్చి తీరాలన్న నిబంధన కంపెనీకి లేదు. కాబట్టి చేరేముందు ‘పోయిన ఏడాది అప్రెంటిస్‌లలో ఎంతమందిని తీసుకున్నారు? నన్ను ఏ విభాగంలో వేస్తారు?’ అని అడగండి. క్వాలిటీకి అని చెప్పి ఏడాదంతా ప్యాకింగ్‌లో నిలబెడితే మీకు మిగిలేది తక్కువ. విభాగం మంచిదైతే స్టైపెండ్ తక్కువైనా చేరమనే చెబుతాను. ఇదికాక 2024 అక్టోబరులో మొదలైన ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ పథకం కూడా ఉంది. 21 నుంచి 24 ఏళ్ల వాళ్లకు, పెద్ద కంపెనీల్లో ఏడాది, నెలకు 5,000 అని మొదలుపెట్టారు. దాని పోర్టల్‌ను కూడా ఒక కన్నేసి ఉంచండి.

జీతం ఎంత అంటే ఎంత

‘ప్యాకేజీ 2.4 లక్షలు’ అనగానే నెలకు 20,000 చేతికి వస్తుందని ఇంట్లో చెప్పేస్తారు. మొదటి నెల ఖాతాలో డబ్బు చూసి కంపెనీ మోసం చేసిందనుకుంటారు. లెక్క చూడండి. అది సీటీసీ, అంటే కంపెనీకి మీ మీద అయ్యే మొత్తం ఖర్చు. బేసిక్, అంటే మూల జీతం, నెలకు 10,000 అనుకుందాం. కంపెనీ కట్టే పీఎఫ్ 12 శాతం, 1,200. గ్రాట్యుటీ (చాలా ఏళ్లు పనిచేసి మానేసేటప్పుడు ఇచ్చే మొత్తం) కింద పక్కన పెట్టేది సుమారు 481. కంపెనీ వాటా ఈఎస్ఐ గ్రాస్ (మీ కోతలకు ముందు జీతం) మీద 3.25 శాతం, సుమారు 577. ఇవి పోతే మీ గ్రాస్ 17,742. అందులోంచి మీ వాటా పీఎఫ్ 1,200, ఈఎస్ఐ 0.75 శాతం అంటే 133, వృత్తి పన్ను 150 పోతాయి. చేతికి వచ్చేది దాదాపు 16,260. క్యాంటీన్, బస్సుకు కోత ఉంటే ఇంకా తగ్గుతుంది.

పీఎఫ్ పోయిన డబ్బు కాదు, రెండు వాటాలూ మీ కోసమే జమ అవుతాయి, కంపెనీ వాటాలో ఎక్కువ భాగం మాత్రం పెన్షన్ కింద పోతుంది. ఈఎస్ఐ ఉంటే మీకూ, మీ మీద ఆధారపడిన వాళ్లకూ వైద్యం ఉంటుంది, తిరుపతిలో ఈఎస్ఐ ఆసుపత్రి ఉంది. పీఎఫ్ లేకుండా 17,000 చేతికిస్తామనే చోటు కంటే, పీఎఫ్‌తో 16,000 ఇచ్చే చోటు మేలని నా అభిప్రాయం.

అంతకంటే ముఖ్యమైన ప్రశ్న: ‘నేను ఎవరి రోల్స్‌లో ఉంటాను?’ పెద్ద కంపెనీ గేటు లోపల పనిచేసినా, జీతం ఇచ్చేది కాంట్రాక్టర్ కావొచ్చు. అప్పుడు అపాయింట్‌మెంట్ లెటర్ మీద కాంట్రాక్టర్ పేరు ఉంటుంది. కాంట్రాక్టు రోల్స్ చెడ్డవని అనను, చాలామంది అక్కడ మొదలుపెట్టే పైకి వచ్చారు. తెలిసి చేరాలి, అంతే. షిఫ్టులు ఎట్లా, రాత్రి షిఫ్టు ఉందా, బస్సు మీ ఊరి నుంచా లేక శ్రీకాళహస్తి నుంచా, ఓవర్‌టైమ్ ఎట్లా కడతారు, హాస్టల్ కంపెనీదా బయటిదా, ఇవి అడగడం తప్పు కాదు. అడిగితే ఉద్యోగం పోతుందని భయపడతారు. మర్యాదగా అడిగిన పిల్లల మీద మాకు గౌరవమే పెరుగుతుంది.

జాబ్ మేళాలు, సర్కారు పరీక్షలు, దళారులు

జాబ్ మేళాకు పోయేముందు రోజే వచ్చే కంపెనీల జాబితా చూసి మూడు ఎంచుకోండి. పొద్దున్నే పోండి. మధ్యాహ్నానికి స్టాల్స్‌లో ఉన్నవాళ్లు అలిసిపోతారు, రెజ్యూమేలు గుట్ట పడతాయి. మాట్లాడిన మనిషి పేరు, కంపెనీ మెయిల్ రాసుకుని ఆ సాయంత్రమే ఒక చిన్న మెయిల్ పంపండి. మేళా గురించి ఇంతకంటే చెప్పాల్సింది లేదు.

సర్కారు ఉద్యోగానికి చదివే పిల్లలంటే నాకు గౌరవం ఉంది. బాలాజీ కాలనీ గదుల్లో ముగ్గురు నలుగురు కలిసి ఉంటూ చదివే వాళ్ల పట్టుదల నేను చూశాను. కానీ తేదీల సంగతి చూడండి: 2018 డీఎస్సీ తర్వాత మన రాష్ట్రంలో మళ్లీ టీచర్ల నియామకం పూర్తయింది 2025లో. ఆ మధ్య ఏళ్లలో బీఈడీ చేతపట్టుకుని ఏ పనీ చేయకుండా కూర్చున్న వాళ్లకు వయసు, ధైర్యం రెండూ తగ్గాయి. ట్యూషనో ప్రైవేటు స్కూలో చేసుకుంటూ చదివినవాళ్లకు చేతిలో అనుభవం మిగిలింది. కాబట్టి ఏ పరీక్ష, ఎన్ని ప్రయత్నాలు, ఏ నెల దాకా అన్నది ఇంట్లో అమ్మానాన్నలతో కూర్చుని ఒక కాగితం మీద రాసుకోండి. ఏటా క్రమం తప్పకుండా వచ్చే బ్యాంకు క్లర్క్, ఎస్సెస్సీ లాంటివి కూడా ఆ కాగితంలో చేర్చండి. ఐబీపీఎస్ క్లర్క్ పరీక్ష, ఎస్సెస్సీ ఎంటీఎస్, సీహెచ్ఎస్ఎల్ తెలుగులోనూ రాయొచ్చు. రోజులో నాలుగు గంటలు ఏదో ఒక పని చేస్తూనే చదవండి.

డబ్బు అడిగితే అది ఉద్యోగం కాదు. కొండ మీద ఉద్యోగం ఇప్పిస్తామనీ, శ్రీసిటీలో పర్మినెంట్ చేయిస్తామనీ, యూనిఫాం డిపాజిట్ అనీ, ల్యాప్‌టాప్ డిపాజిట్ అనీ ఎన్ని పేర్లు పెట్టినా సరే. టీటీడీ కూడా ఇట్లాంటి దళారుల్ని నమ్మొద్దని ఎన్నోసార్లు ప్రకటనలు ఇచ్చింది. బంగారం తాకట్టు పెట్టి లక్షలు కట్టిన తల్లులు మా గేటు దగ్గరికి వచ్చి దొంగ ఆఫర్ లెటర్ చూపించినప్పుడు నేను చేయగలిగింది ఏమీ ఉండదు. ఆన్‌లైన్‌లో డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, ఎంత త్వరగా చేస్తే అంత ఆపగలిగే వీలుంటుంది. ఆఫర్ లెటర్ వస్తే ఆ కంపెనీ వెబ్‌సైట్‌లో ఉన్న నంబరుకు మీరే ఫోన్ చేసి అడగండి, లెటర్‌లో ఉన్న నంబరుకు కాదు.

చేరిన మొదటి నెలలో

అపాయింట్‌మెంట్ లెటర్ సంతకంతో సహా ఒక కాపీ తీసుకోండి. నోటీసు పీరియడ్ ఎంత, బాండు ఉందా, ప్రొబేషన్ ఎన్ని నెలలు అన్నది చదివాకే మీ సంతకం పెట్టండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు చూపించండి, వాళ్ల దగ్గర వదిలిపెట్టి రావొద్దు. మీ యూఏఎన్ (పీఎఫ్ గుర్తింపు) నంబరు అడిగి ఉమంగ్ యాప్‌లో యాక్టివేట్ చేసుకోండి, నామినీ పేరు పెట్టండి. ఆధార్‌లో, పదో తరగతి మెమోలో పేరు స్పెల్లింగ్ ఒకేలా లేకపోతే ఇప్పుడే సరిచేయించుకోండి, తర్వాత పీఎఫ్ తీసుకునేటప్పుడు అదే పెద్ద అడ్డం అవుతుంది. రెండు మూడు నెలలకు ఒకసారి పాస్‌బుక్ చూసి కంపెనీ నిజంగా జమ చేస్తోందా లేదా గమనించండి.

పే స్లిప్పులు నెలనెలా మీ సొంత మెయిల్‌కు పంపి దాచుకోండి. కంపెనీ మెయిల్‌లో ఉంచితే మానేసిన రోజే అవి పోతాయి. వేరే చోట మంచి అవకాశం వస్తే చెప్పాపెట్టకుండా మానేయకండి. ఊరికి పోయి ఫోన్ ఆపేసే పిల్లలు ప్రతి పండగ తర్వాతా కొందరు ఉంటారు. నోటీసు ఇచ్చి, ఆ రోజులు పనిచేసి, రిలీవింగ్ లెటర్, అనుభవ పత్రం చేతికి తీసుకునే బయటికి రండి. తర్వాతి కంపెనీలో నాలాంటి వాళ్లు మొదట అడిగే కాగితాలు ఆ రెండే.